ఒకటి, సున్నా, అర

కర్నూలు
నవంబరు, 2025

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

టీచరుగా చేరిన కొత్తలో నీ తరగతి హాజరుకు వాడదామని నువ్వు పంపిన అటెండెన్స్ టెంప్లేట్, ఆ స్ప్రెడ్‌షీట్ ఫైలు, తెరిచి చూశాను. రంగులు బాగున్నాయి గానీ వాడొద్దు. అది మన బడిని ఎరిగినవాళ్ళు చేసింది కాదు. శని, ఆదివారాలు రెండిటికీ బూడిద రంగు పూసి మూసేశారు, మనకు శనివారం బడి ఉంటుంది. సంవత్సరాన్ని ఆగస్టులో మొదలుపెట్టారు, మనకు అప్పటికి యూనిట్ పరీక్షలు కూడా దగ్గరపడతాయి. ఆలస్యంగా వస్తే ఒక అక్షరం, చెప్పి మానేస్తే ఇంకొకటి, చెప్పకుండా మానేస్తే మరొకటి, ఇట్లా ఏడెనిమిది గుర్తులు పెట్టారు. కోసిగి పక్క పల్లెలో ఏడో తరగతి పిల్లోడు అమ్మానాయనలతో పత్తి తీయడానికి పోతే వాడికి అందులో ఏ అక్షరం వేస్తావు?

పైగా ఆ ఫైల్లో పనిదినాలను నెట్‌వర్క్‌డేస్ అనే ఫార్ములా లెక్కకడుతోంది. అది శనివారాన్ని కూడా సెలవు కింద తీసేస్తుంది. దాంట్లోనే ఇంటర్నేషనల్ రకం ఇంకోటి ఉంది, వారాంతం దగ్గర 11 అని ఇస్తే ఆదివారం ఒక్కటే తీసేస్తుంది. దాంతో కూడా మనకు పని జరగదు. పెద్ద వానకు కలెక్టరు సెలవిస్తారు, జాతరకు స్థానిక సెలవు వస్తుంది, పోయిన రోజుకు బదులు ఏదో ఒక సెలవు రోజున బడి పెట్టమంటారు. బడి జరిగిందో లేదో ఫార్ములాకు తెలీదు, నీకు తెలుసు. కాబట్టి బడి జరిగిన రోజుకే ఒక నిలువు వరుస తెరువు. సెలవుకు అసలు వరుసే వద్దు.

ఖాళీ షీటు తీసుకుని నువ్వే చేసుకో, అరగంట పని. ఎడమ పక్కన అడ్మిషన్ నంబరు, పేరు, చేరిన తేదీ. పైన రెండు అడ్డ వరుసల్లో తేదీ, దాని కింద వారం. ఈ పై వరుసలను, ఎడమ పక్క వరుసలను ఫ్రీజ్ చెయ్, లేకపోతే మార్చి నెలకు వచ్చేసరికి ఏ గడి ఎవరిదో తెలీక వేలు పెట్టి వెతుక్కోవాలి. నెలకొక షీటు పెట్టుకోవద్దు. ఏడాదంతా ఒకే షీటులో పొడుగ్గా పోనీ. 28న మొదలై వచ్చే నెల 6 దాకా రాని పిల్ల నెలవారీ షీట్లలో రెండు ముక్కలై, రెండు చోట్లా చిన్న విషయంలా కనబడుతుంది.

పేరు కంటే ముందు అడ్మిషన్ నంబరు ఎందుకంటే, ఉరుకుంద ఈరన్నస్వామి దయవల్ల ఆ పక్క తరగతికి ముగ్గురు నలుగురు ఈరన్నలు ఉంటారు. ఒకడే పిల్లోడు రిజిస్టర్లో ఈరన్న, ఆధార్‌లో వీరన్న, ప్రభుత్వ హాజరు యాప్‌లో ఇంకో స్పెల్లింగు. ఇంటిపేరు చూసి పోల్చుకుందామంటే, అన్నదమ్ముల పిల్లలిద్దరికీ తాత పేరే పెట్టి ఒకే తరగతిలో చేర్పించి ఉంటారు. నంబరు ఒక్కటే మారదు. పేర్లు తెలుగులోనే కొట్టుకో, ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంటుంది. పాత జాబితా ఎవరైనా 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొట్టింది ఇస్తే మాత్రం తీసుకోవద్దు, నీ ఫోన్లో అది పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మళ్ళీ కొట్టుకోవడమే మేలు.

గుర్తులు మూడే పెట్టుకో. రోజంతా ఉంటే 1, రాకపోతే 0, ఒక పూటే ఉంటే 0.5. రిజిస్టర్లో పొద్దున ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దానిమీద అడ్డంగా ఇంకో గీత వేస్తావు కదా, రెండూ పడితే 1, ఒక్కటే పడితే 0.5. అక్షరాలు పెడితే ఏమవుతుందంటే, కొట్టేటప్పుడు అక్షరం పక్కన తెలీకుండా ఒక స్పేసు పడుతుంది. కంటికి తేడా కనబడదు గానీ, కౌంట్‌ఇఫ్ ఫార్ములా దాన్ని వేరే మాట అనుకుని లెక్కలోకి తీసుకోదు. పిల్లోడు బడిలో కూర్చుని ఉంటాడు, షీటులో ఉండడు. అంకెలతో ఆ గొడవ లేదు. డేటా వ్యాలిడేషన్‌లోకి పోయి ఈ మూడు అంకెలు తప్ప ఇంకేదీ పట్టకుండా చేసుకుంటే, 1 కొట్టబోయి 11 కొట్టినా తిప్పి పంపుతుంది.

అంకెలు పెట్టడంలో అసలు సుఖం ఇంకోటి ఉంది. వరుస చివర యావరేజ్ ఫార్ములా ఒక్కటి వేసి, ఆ గడిని శాతంగా చూపించమంటే అదే హాజరు శాతం. పనిదినాలతో భాగించడాలు, ఫార్ములాలో గడిని కదలకుండా పట్టే డాలరు గుర్తులు ఏవీ అక్కర్లేదు. ఖాళీ గడులను యావరేజ్ లెక్కలోకే తీసుకోదు కాబట్టి, మధ్యలో చేరిన పిల్లకు చేరకముందు రోజులు వాటంతటవే పక్కకు పోతాయి.

ప్రమాదం కూడా అక్కడే. రానివాడికి 0 కొట్టకుండా గడి ఖాళీగా వదిలావనుకో, ఆ రోజు వాడికి బడే లేనట్టు లెక్క. నెలకు నాలుగు రోజులు వచ్చి మిగతా గడులు ఖాళీగా ఉన్నవాడికి నూటికి నూరు చూపిస్తుంది. అందుకని ప్రతి తేదీ కింద, అందరి పేర్లూ అయ్యాక, కౌంట్ ఫార్ములా వెయ్. అది అంకె ఉన్న గడులనే లెక్కపెడుతుంది. తరగతిలో 43 మంది ఉంటే అక్కడ 43 రావాలి, 41 వచ్చిందంటే ఇద్దరిని వదిలేశావు. టీసీ తీసుకుని పోయిన పిల్లల వరుస చెరిపెయ్యొద్దు, పోయిన తేదీ రాసి అక్కణ్ణుంచి ఖాళీగా ఉంచు, 43 కాస్తా 42 అవుతుంది.

కౌంట్ కింద సమ్ వెయ్, అది ఆ రోజు హాజరు. దాన్ని మధ్యాహ్న భోజనం లెక్క పక్కన పెట్టి చూడు. వంటామె 40 మంది తిన్నారంటుంది, నీ సమ్ 38.5 చూపిస్తుంది. ఎక్కడా తప్పు లేదు. పొద్దున 40 మంది వచ్చారు, అన్నం తిని గోడ దూకినవాళ్ళు ముగ్గురు. కోడిగుడ్డు ఉన్న రోజుల్లో ఈ తేడా పెరుగుతుందేమో కూడా చూసుకో. గుడ్డు కోసం వచ్చే పిల్లోణ్ణి తిట్టొద్దు, వాడు కనీసం ఆ పూటైనా వస్తున్నాడు. నువ్వు ఆలోచించాల్సింది ఆ మధ్యాహ్నం మొదటి పీరియడ్ ఎవరిది, అందులో ఏం జరుగుతోందని.

నువ్వు అక్టోబరులో చేరావు కాబట్టి ఈ ఏడాదికి యావరేజ్ సరిపోదు. జూన్ నుంచి నువ్వు వచ్చేదాకా ఉన్న లెక్క రిజిస్టరు చూసి తెచ్చుకోవాలి. రోజువారీ అంకెలన్నీ ఎక్కించాలని కూర్చోకు, కళ్ళు పోతాయి. పేరు పక్కన ఇంకో రెండు నిలువు వరుసలు తెరిచి, అప్పటిదాకా పనిదినాలు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని రెండంకెలు వెయ్. చివర్లో పాత హాజరుకు సమ్ కలిపి, పాత పనిదినాలకు కౌంట్ కలిపి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించు. అంతేగానీ నెలనెలా శాతాలు తీసి వాటికి సగటు కట్టొద్దు. స్టాఫ్ రూముల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఒక పిల్ల జూన్‌లో 12 రోజుల బడికి 12 వచ్చింది, నూరు శాతం. జులైలో 25కు 15 వచ్చింది, 60 శాతం. రెండిటి సగటు 80 అంటారు. నిజానికి 37కు 27, అంటే 73 కూడా పూర్తిగా లేదు.

ఆ 80కి, 73కి మధ్యలోనే 75 ఉంది, అందుకే ఇంత చెప్తున్నా. పిల్లల్ని బడికి పంపే తల్లికి డబ్బిచ్చే అమ్మ ఒడి మొదలైన 2020 నుంచీ, హాజరు 75 శాతం ఉండాలన్న మాట ఊళ్ళో ప్రతి తల్లికీ తెలుసు. ఇప్పుడు తల్లికి వందనం. 15,000లో బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. కూలికి పోయే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. శాతం గడిలో దశాంశాలు దాచిపెడితే 74.6 కూడా 75గా కనిపిస్తుంది, కాబట్టి ఒక దశాంశం ఎప్పుడూ కనబడేట్టు ఉంచు. లేకపోతే నువ్వు "ఉందమ్మా" అని మాటిస్తావు, తీరా యాప్‌లో ఉండదు.

ఏప్రిల్‌లో ఒక తల్లి గేటు దగ్గర నిలబడి "నాలుగు రోజులు వేసెయ్యండి మేడం, మీ కాళ్ళు మొక్కుతా" అంటుంది. వెయ్యొద్దు. రాతిగుండె చేసుకోమని కాదు, ఆ మాట ఏప్రిల్ దాకా రానివ్వడమే మన తప్పు. చేయాల్సిన పని ఇప్పుడే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. అందులో పాతిక శాతమంటే 55. ఒక పిల్లోడు ఇప్పటికే 20 రోజులు మానేశాడనుకో, మిగిలింది 35. వాళ్ళ ఇంట్లో సంక్రాంతి కాగానే సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోయి ఉగాదికి తిరిగొస్తారంటే ఇంచుమించు 50 రోజులు పోతాయి. ఈ లెక్క నవంబరులో చెప్తే తల్లి అవ్వ దగ్గర వదిలే మాట ఆలోచిస్తుంది. మార్చిలో చెప్తే ఏడుస్తుంది, అంతే.

మీ అమ్మ మాత్రం, 16,347 పోస్టుల డీఎస్సీలో ఒకటి కొట్టి పోయి పోయి కోసిగిలో పడిందే అని నా దగ్గర దిగులుపడుతోంది. నాకు ఆ దిగులు లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పక్క పనిచేసిన టీచరుకు హాజరు పట్టీ చదవడం వచ్చినట్టు కర్నూలు టౌన్లో పనిచేసినవాళ్ళకు రాదు. శాతం కంటే వరుస ముఖ్యం పాపా. 90 శాతం అంటే పరీక్ష మార్కులా బాగానే వినబడుతుంది, కానీ 220లో 22 రోజుల చదువు పోయినట్టే. ఆ 22 అక్కడొకటి ఇక్కడొకటిగా పోతే జ్వరాలు, పెళ్ళిళ్ళు. ఒకే గుత్తిగా పోతే ఆ పిల్ల ఇంటికి పోవాల్సిందే. అందుకే 0 ఉన్న గడికి కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఎరుపు పెట్టు. ఇంకే రంగూ వద్దు. శుక్రవారం సాయంత్రం షీటును దూరంగా పెట్టి చూస్తే అడ్డంగా పోయే ఎర్ర గీతలు, నిలువుగా పోయే ఎర్ర గీతలు కనిపిస్తాయి. అడ్డగీత ఒక పిల్ల కథ, నిలువుగీత ఊరి కథ.

నిలువుగా ఎర్రబడిన రోజు కింద వారం చూడు. నేను వారం వరుస పెట్టమన్నది దీనికే. ప్రతి వారమూ అదే రోజైతే అది సంత. పెద్దవాళ్ళు సంతకు పోతారు, చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో పెద్దపిల్ల ఆగిపోతుంది. శ్రావణమాసంలో సోమవారాలు, గురువారాలు పడిపోతే అది ఉరుకుంద ఈరన్న గుడికి పోవడం. దానికి నువ్వు చేయగలిగింది ఏమీ లేదు, ఆ రోజుల్లో కొత్త పాఠం మొదలుపెట్టకు, పరీక్ష పెట్టకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్కొక్క వీధి పిల్లలు కలిసి మానేస్తుంటే పత్తి. కూలికి కేజీల లెక్కన డబ్బులిస్తారు, పిల్లోడి చేతులు కూడా ఆ తూకంలో ఉంటాయి. తర్వాతది సుగ్గి, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి. ఇంటికి తాళమేసి పోతే పట్టీలో ఎర్రగీత ఒక తేదీన మొదలై ఆగదు. అందుకని పోకముందే తెలుసుకోవాలి. డిసెంబరు మొదట్లో ఒకసారి తరగతిలో "ఈసారి ఎవరెవరు పోతున్నారు" అని మామూలుగా అడుగు, పిల్లలు దాచరు. ఆ పేర్ల జాబితా హెడ్మాస్టరుకి, మండల విద్యాధికారి ఎంఈఓకి ముందే ఇవ్వు. వలస పోయినవాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ళు పెట్టేది ఈ జాబితాలను చూసే. జనం పోయాక ఇచ్చే జాబితాతో హాస్టలు తెరుచుకోదు.

షీటు చివర్లో ఒక నిలువు వరుస కారణాలకు ఉంచు. పొడుగ్గా రాయకు. పత్తి, సుగ్గి, సంత, జ్వరం, చెల్లెలు. ఈ ఐదు మాటలతో ముప్పాతిక కథ అయిపోతుంది. ఇది నువ్వు అడిగి రాయాలి, ఊహించి రాయకూడదు.

ఆడపిల్లల వరుసలు విడిగా చూడు, ఇది మగ టీచర్లకు అంత తొందరగా తట్టదు. నెలనెలా ఇంచుమించు అవే రోజుల్లో మూడు, నాలుగు సున్నాలు పడుతుంటే అది బద్ధకం కాదు. బాత్రూమ్‌లో నీళ్ళు వస్తున్నాయా, లోపల గడియ పడుతుందా, ప్యాడు వేయడానికి మూతున్న బుట్ట ఉందా, నువ్వే పోయి చూడు. పిల్లని పిలిచి అడిగితే చెప్పదు, అడగనూ వద్దు. గడియ బిగిస్తే పట్టీలో తేడా అదే కనిపిస్తుంది.

ఇంకోటి ఉంది, రాయాలంటే చెయ్యి రాదు గానీ రాస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్ల, అప్పటిదాకా బాగా వచ్చేది, మాఘమాసంలోనో వేసవి ముహూర్తాల ముందో ఉన్నట్టుండి వరుసగా రావడం మానేస్తే, అడిగితే "అవ్వగారి ఊరికి పోయింది" అన్న మాట ఒక్కటే వస్తుంటే, వారం దాకా ఆగకు. మూడో రోజుకే ఇంటికి పో. ఒక్కదానివే పోకు, అంగన్‌వాడీ టీచరునో ఏఎన్‌ఎంనో వెంట తీసుకుపో, ఊళ్ళో వాళ్ళకు ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసు. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, చేసినవాళ్ళ పేరు బయటపెట్టరు. నువ్వు ఊరికి కొత్త అని, ఏమనుకుంటారో అని వెనకాడొద్దు. కొత్తదానివి కాబట్టే నీకు మొహమాటం తక్కువ ఉండాలి.

రోజూ చేసే పద్ధతి గురించి రెండు మాటలు. పేర్లు పిలిచేటప్పుడు ఫోన్ పక్కన పెట్టు. తల ఎత్తి ఒక్కొక్క మొహం చూస్తూ పిలువు, రిజిస్టర్లో గీత వెయ్. వెనక బెంచీ నుంచి ఒకడి పేరుకు ఇంకొకడు "ప్రెజెంట్ మేడం" అనేది నువ్వు ఫోన్లోకి చూస్తున్నప్పుడే. ప్రభుత్వ యాప్‌లో వేయాల్సింది టైముకు వేసెయ్. నీ షీటు మధ్యాహ్నం గీతలు కూడా పడ్డాక తీరిగ్గా నింపుకో. అందరికీ 1 ఒకేసారి కాపీ చేసి పేస్టు చేసి, రానివాళ్ళకు 0, ఒక పూటవాళ్ళకు 0.5 మార్చితే రెండు నిమిషాలు. కానీ ఆ పేస్టు పేర్లు పిలిచాకే. పొద్దునే పేస్టు చేసి పెట్టుకుంటే, ఆ రోజు ఏదో మీటింగు పడి మర్చిపోతే, సుగ్గికి పోయినవాడు కూడా బడిలో ఉన్నట్టే. రిజిస్టరుకు, షీటుకు తేడా వస్తే రిజిస్టరే నిజం. ఆడిట్‌కు వచ్చినవాళ్ళు అడిగేదీ అదే.

అక్షర క్రమంలో పెడదామని పేర్ల వరుస ఒక్కటి పట్టుకుని సార్ట్ నొక్కకు. పేర్లు కదిలి అంకెలు అక్కడే ఉండిపోతాయి, ఒక ఈరన్న హాజరు ఇంకో ఈరన్నకు పోతుంది, నువ్వు గమనించేసరికి నెల అయ్యుంటుంది. అసలు ఏడాది మధ్యలో సార్ట్ చేయాల్సిన అవసరమే లేదు. కొత్తగా చేరినవాళ్ళు అడుగున ఉండనీ. గడులు మెర్జ్ చేసి అందంగా హెడ్డింగులు పెట్టడం కూడా వద్దు, ఫార్ములాలు అక్కడే తన్నుకుంటాయి.

నెలాఖరున షీటుకు ఒక కాపీ తీసి పేరులో 2025-11, 2025-12 అని సంవత్సరం ముందు వచ్చేట్టు పెట్టుకో, ఫైళ్ళు వాటంతటవే వరుసలో నిలబడతాయి. ప్రింటు తీసి హెడ్మాస్టరు సంతకం కూడా చేయించుకో.

ఆధార్ నంబరు, కులం, తల్లి ఫోన్ నంబరు ఈ షీటులో ఎక్కించకు. హాజరుకు వాటితో పనిలేదు, నలుగురితో షేర్ చేసే ఫైలు ఎవరి ఫోన్లో ఏమవుతుందో చెప్పలేం. రానివాళ్ళ పేర్లు ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు కొన్ని బళ్ళలో ఉంది. ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా పరువు పోయిందని పిల్లోణ్ణి తండ్రి కొడతాడు, మర్నాడు వాడు ఇంకా రాడు. చెప్పాలనుకుంటే ఆ ఒక్క ఇంటికే ఫోన్ చెయ్, సాయంత్రం ఏడు దాటాక చెయ్. అంతకుముందు వాళ్ళు చేలో ఉంటారు.

నేను చెప్పినట్టు ఒక ఖాళీ షీటు తయారుచేసి దీంతోపాటు పంపుతున్నా, 45 మందికి సరిపోతుంది. సమ్, కౌంట్ వరుసలకు తాళం వేశాను, పాస్‌వర్డ్ పెట్టలేదు. జూన్ నుంచి నువ్వు చేరేదాకా ఉన్న ఆ రెండంకెలు ఈ ఆదివారం కూర్చుని ఎక్కించెయ్, పక్కింటి టీచరమ్మను రిజిస్టరు చదవమను, నువ్వు కొట్టు. ఎక్కడైనా గడిలో సున్నాతో భాగించినట్టు ఎర్రర్ కనిపిస్తే భయపడకు, ఆ వరుసలో ఇంకా ఒక్క అంకె కూడా పడలేదని అర్థం. ఫోన్ చేయాలంటే పొద్దున ఎనిమిది దాటాక చెయ్, అంతకుముందు నేను కొండారెడ్డి బురుజు పక్క నడకకు పోయుంటా.

మీ పెద్దమ్మ